చీటీమీది మాట

కళాగ్రంథాలయముల సూచికలలో 'కోరమాండల్' అను మాటను వెదకు విద్యార్థికి తఱచుగా మొదట ఎదురగునది మన తీరపు వస్తువు కాదు, చీనాదేశపు తెర. నల్లని లక్కపూతను చెక్కి, చెక్కినచోట రంగులు నింపి, పలకలు పలకలుగా మడచుటకు వీలుగా కూర్చిన నిలువెత్తు తెర అది. 17, 18 శతాబ్దులలో చీనాలో తయారైన ఈ తెరలు మన తూర్పుతీరపు రేవులమీదుగా ఐరోపాకు పోయినవి. సరకు ఏ తీరమునుండి వచ్చినదో ఆ తీరము పేరే దానికి అంటుకొన్నది. మూడు వందల ఏండ్లు గడచినను ఆ పేరు మారలేదు. పేరు మనది, పనితనము చీనావారిది.

మఱి మన తీరము తాను స్వయముగా లోకమునకు పంపిన కళావస్తువు ఎక్కడ నున్నది?

పూర్వపు నెల్లూరు జిల్లాలోని దుర్గరాజపట్టణమును ఇంగ్లీషువారు ఆర్మగాన్ అనిరి. 1626లో వారచట ఒక వర్తకశాల పెట్టుకొనిరి. అప్పటికింకను చెన్నపట్టణము పుట్టలేదు. వారు మన తీరమున ముఖ్యముగా కోరినది గుడ్డ: నేసిన గుడ్డ, వ్రాసిన గుడ్డ, అద్దిన గుడ్డ. అంతకంటె మేలైన గుడ్డ చౌకగా దొరకు తావు వెదకుచు, ఆర్మగాన్ వర్తకశాల అధికారియగు ఫ్రాన్సిస్ డే దక్షిణమునకు పోయి, 1639లో చెన్నపట్టణపు స్థలమును సంపాదించెను. ఆ మహానగరపు పుట్టుకలో మన నెల్లూరు తీరమునకు గల ఈ సంబంధమును మన బడిపుస్తకములు అంతగా చెప్పవు.

ఆ గుడ్డకు పేరు పెట్టినవారు కొన్నవారేగాని చేసినవారు కారు. పోర్చుగీసువారు దానిని 'పింటాడో' అనిరి. చిత్రించినది అని అర్థము. ఇంగ్లీషువారు 'చింట్జ్' అనిరి. చుక్క అను అర్థముగల హిందీ 'ఛీంట్' దానికి మూలము. మంచముపై పఱచు పెద్ద దుప్పటము 'పాలంపోర్' ఐనది. అది పారసీకపు 'పలంగ్‌పోష్'. నేడు మనము గౌరవముతో వాడుచున్న 'కలంకారీ' యైనను పారసీకపు మాటయే. శ్రీకాళహస్తిలో కలము పట్టినవారి మాట 'వ్రాతపని'. మచిలీపట్టణము, పెడన ప్రాంతములలో చెక్క అచ్చు పట్టినవారి మాట 'అద్దకము'. వ్రాయుట వేఱు, అద్దుట వేఱు. పనిచేయువారి నోట రెండుగా నున్న విద్య 'కలంకారీ' అను శీర్షికక్రింద ఒకటైపోయినది. వారి నోట ఒకటిగా నున్న వ్రాతపని పింటాడో, చింట్జ్, పాలంపోర్ అను శీర్షికలలో ముక్కలైనది.

దీనివలన నష్టమేమని అడుగవచ్చును. నష్టము వెదకువారిది. వాకాడునుండియో కోటనుండియో వచ్చిన విద్యార్థిని తన ప్రాంతపు రంగుగుడ్డలనుగూర్చి ఒక వ్యాసము వ్రాయదలచి పెద్ద గ్రంథాలయమునకు పోయినదనుకొందము. థర్‌స్టన్ 1897లో మద్రాసు రాజధాని నూలుగుడ్డల పరిశ్రమనుగూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. మద్రాసు కళాశాలాధికారి హాడవే 1917లో ఇచ్చటి నూలుగుడ్డలపై చిత్రణమును, అద్దకమును గూర్చి మఱియొకటి ప్రకటించెను. 1970లో జాన్ ఇర్విన్, కేథరిన్ బ్రెట్ అను వారు చింట్జ్ పుట్టుకనుగూర్చి వ్రాసిన గ్రంథము వెలువడినది. మూడును ఆమెకు కావలసినవే. కాని డ్యూయీ దశాంశ వర్గీకరణములో ఇట్టి పుస్తకములు, వర్గీకరించువారి దృష్టినిబట్టి, 677వ అంకెక్రింద నేతపరిశ్రమలోనైనను, 667క్రింద రంగుల పరిశ్రమలోనైనను, 746.6క్రింద వస్త్రకళలోనైనను చేరవచ్చును. బీరువాలు వేఱు, గదులు సైతము వేఱు కావచ్చును. ఆమె ఎఱిగిన మాట 'వ్రాతపని' యొక్కటే. ఆ మాటతో ఒక చీటీ లేనిచో ఆ మూడు పుస్తకములును ఆమెకు లేనట్లే.

1876లో మెల్విల్ డ్యూయీ ప్రకటించిన ఈ వర్గీకరణమునే మన గ్రంథాలయములలో పెక్కు నేటికిని అనుసరించుచున్నవి. అందులో 700 కళలకు. 730 శిల్పము, 750 చిత్రలేఖనము. 745 అలంకార కళలు, 746 వస్త్రకళలు. రామాయణ కథనంతటిని గడులు గడులుగా తీర్చిన కాళహస్తి వస్త్రము, గుడ్డమీద నున్నది గావున, అల్లికలతోను కుట్టుపనితోను కలిసి 746లో కూర్చుండును. ఐరోపా చిత్రకారుని నూనెరంగుల చిత్రము 750లో కూర్చుండును. ఆ నూనెరంగుల క్రింద నున్నదియు గుడ్డయే గదా! తోలుబొమ్మలాట 791.5లో, బొమ్మల నాటకశాలల ప్రక్కన చేరును. రాత్రి తెల్లవార్లు ఊరంతయు కూర్చుండి చూచిన రామరావణ యుద్ధము పిల్లల ఆటబొమ్మకు పొరుగైనది. వర్గీకరణకర్తకు మనపై ద్వేషమున్నదని కాదు. ఆయన తన ఊరి బీరువాకు అంకెలు వేసెను. ఆ అంకెలు మన ఊరికి వచ్చినవి.

మన దక్షిణదేశమువాడే యగు ఎస్. ఆర్. రంగనాథన్ ఈ చిక్కును గుర్తించినవారిలో ప్రముఖుడు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడై, 1931లో గ్రంథాలయశాస్త్రమునకు పంచసూత్రములు చెప్పి, 1933లో 'కోలన్' వర్గీకరణమును ప్రకటించెను. ఒక వస్తువును ఒకే గూటిలో దూర్చక, అది దేనితో చేయబడినది, ఏ ప్రక్రియతో చేయబడినది, ఎక్కడ, ఎప్పుడు అని ముఖములుగా విడదీసి చూచుట ఆయన పద్ధతి. వ్రాతపనికి ఇంతకంటె తగిన పద్ధతి వేఱొకటి కనబడదు. ఐనను డ్యూయీ అంకెలు తేలికగా దొరకుటచేత మన గ్రంథాలయములలో అవియే నిలిచినవి.

ఇచట ఉపాధ్యాయులు విద్యార్థులకు స్పష్టముగా చెప్పవలసిన భేదమొకటి గలదు. గ్రంథసూచిలోని చీటీమీద రెండు రకముల మాటలుండును. గ్రంథనామము, గ్రంథకర్త పేరు మొదలగునవి పుస్తకపు ముఖపత్రమునుండి ఉన్నది ఉన్నట్లు దింపినవి. వానిని మార్చు అధికారము ఎవరికిని లేదు. మార్చిన అది కూటలేఖనమగును. రెండవది విషయశీర్షిక. అది పుస్తకములోనిది కాదు, సూచి వ్రాసినవారి మాట. ఆ మాటకు బాధ్యత వారిదే. ఇంకను తమాషాయైనది 'చూడుము' అను చీటీ. ఒక మాటక్రింద వెదకినవారిని అది వేఱొక మాటకు పంపును. ఏ మాటను గద్దెపై కూర్చుండబెట్టి, ఏ మాటను 'చూడుము' అని వాకిట నిలువబెట్టుదుమో అందులోనే అసలు తీర్పు ఉన్నది. "వ్రాతపని: కలంకారీ చూడుము" అని వ్రాయుటకును, "కలంకారీ: వ్రాతపని, అద్దకము చూడుము" అని వ్రాయుటకును గల అంతరము చిన్నది కాదు.

మాటల సంగతి ఇంతటితో తీరదు. మనుష్యులున్నారు. ఆ గుడ్డల ఎఱుపు ఎక్కడిది? కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డపై పటికనీటితో గీచినచోట ఎఱుపు పట్టును. ఆ ఎఱుపునకు పూర్వము ముఖ్యాధారము చిరివేరు. సముద్రతీరపు ఇసుకనేలలో పెరుగు చిన్న మొక్క వేరు అది. 1868లో జర్మను రసాయనజ్ఞులు అలిజరిన్ అను ఎఱుపురంగును ప్రయోగశాలలో తయారుచేసిన పిమ్మట చిరివేరు వర్తకము పడిపోయినది. అంతకుముందు దానిని త్రవ్వి తెచ్చినదెవరు? శ్రీహరికోటలో యానాదులు సేకరించి అప్పగించిన వనవస్తువులలో చిరివేరుకూడ నొకటి. ఐరోపా ప్రభువుల పడకగదులలో వ్రేలాడిన తెరల ఎఱుపులో యానాదుల చేతిపనియు కొంత కలదు. ఈ సంగతి ఏ చింట్జ్ చీటీమీదను కనబడదు.

యానాదుల పేరు చీటీలమీద ఎక్కినది మఱియొక విధముగా. 1871లో 'నేరస్థ జాతుల' చట్టము వచ్చినది. 1911లో అది మద్రాసు రాజధానికి విస్తరించినది. పుట్టుకతోనే కొన్ని కులములవారు నేరగాండ్రని ప్రభుత్వపు పట్టికలు చెప్పెను. ఎరుకలవారు ఆ పట్టికలో చేరిరి, యానాదులు చేరిరి. మన కావలిలోనే అమెరికను బాప్టిస్టు మిషను నిర్వహణలో ఎరుకలవారికొఱకు ఒక సెటిల్‌మెంటు నడచినది. వెదురును ఈతాకును చీల్చి అల్లుటలో తరతరాల నేర్పుగలవారిని పోలీసు హాజరుపట్టీలో ఎక్కించిరి. 1952లో ఆ చట్టము రద్దైనది. వెన్నెలకంటి రాఘవయ్యగారు యానాదులకొఱకు జీవితమంతయు పాటుపడి, 1962లో వారినిగూర్చి ఒక గ్రంథము ప్రకటించిరి. ఐనను చట్టము పోయినంత త్వరగా చీటీ పోదు. పాత పుస్తకముల శీర్షికలనుండి 'నేరస్థ జాతులు' అను మాటను దింపుకొన్న సూచికి అది పాతబడినదని ఎవరు చెప్పుదురు? ఒక ఎరుకల బాలుడు తన అవ్వ అల్లిన బుట్టనుగూర్చి చదువవలెనని వచ్చి, ఆ పుస్తకమును నేరశాస్త్రపు బీరువాలో కనుగొన్నచో వాడు మరల గ్రంథాలయపు గడప త్రొక్కునా?

పేర్లు మాఱవని నిరాశపడనక్కఱలేదు. మన భాష పేరే మాఱినది. పోర్చుగీసు భాషలో 'జెంతియో' అనగా అన్యమతస్థుడు, విగ్రహారాధకుడు. దానినుండి 'జెంటూ' పుట్టినది. తెలుగువారు జెంటూలు, తెలుగు జెంటూ భాష! 1816లో కాంబెల్ తన వ్యాకరణమునకు తెలుగు వ్యాకరణమని పేరుపెట్టి, సామాన్యముగా జెంటూ అనబడునదని ముఖపత్రముమీదనే తెలుపవలసివచ్చెను. మఱుసటి సంవత్సరము విలియం బ్రౌన్ అను వేఱొకరు (మన సి. పి. బ్రౌన్ కాదు) జెంటూ భాషా వ్యాకరణమనియే అచ్చువేసెను. ఒక్క ఏడాది తేడాలో ఒకే భాషకు రెండు పేర్లు! తుదకు మన మాటయే గెలిచినది. ఐనను ఆ రెండు పుస్తకములను వెదకువారికి 'జెంటూ' అను మాటకూడ నేటికిని కావలెను. అది ఉండవలసిన చోటు "జెంటూ: తెలుగు చూడుము" అను చీటీ.

విచిత్రమేమనగా, గ్రంథసూచుల భాషను సంస్కరింపవలెనని లోకమున లేచిన గొంతుకూడ ఇట్టి మాటవద్దనే లేచినది. సాన్‌ఫర్డ్ బెర్మన్ అను అమెరికను గ్రంథపాలకుడు ఆఫ్రికాలోని జాంబియా విశ్వవిద్యాలయములో పనిచేయుచుండగా, తన దేశపు కాంగ్రెసు గ్రంథాలయమువారి శీర్షికలలో ఆఫ్రికనులకు 'కాఫిర్లు' అను పేరుండుట చూచెను. అచటివారికి అది తిట్టు. అవిశ్వాసి యని దాని మూలార్థము. అనగా జెంటూకు తోబుట్టువే. 1971లో ఆయన ఇట్టి శీర్షికలను ఒక్కొక్కదానినే పట్టి విమర్శించుచు ఒక గ్రంథము ప్రకటించెను. 2014లో అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాల విద్యార్థులు, అనుమతిలేక వచ్చిన వలసదారులకు సూచిలో వాడుచున్న 'చట్టవిరుద్ధ పరాయివారు' అను శీర్షికను మార్చుడని కోరిరి. 2016లో కాంగ్రెసు గ్రంథాలయము ఒప్పుకొన్నను శాసనసభలో పెద్ద రగడ జరిగి ఆ పని ఆగినది. 2021లోగాని మార్పు జరుగలేదు. అడిగినవారు పండితులు కారు, పాఠము చదువుకొనుటకు పోయిన విద్యార్థులు. ఈ సంగతిని మన విద్యార్థులు గమనింతురుగాక.

మన ఇంటిలోని లోపములు పైవారివికంటె తక్కువేమియు కావు. రామాయణము వ్రాసిన ఆతుకూరి మొల్లను మనము 'కుమ్మరి మొల్ల' అని వ్యవహరింతుము. ఏ మగకవి పేరుకు ముందైనను కులము నిట్లు తగిలించి పట్టికకెక్కించితిమా? నేతవస్త్రముల పట్టికలలో 'నేతగాడు' అని వ్రాయుదుము. పూర్వపు నెల్లూరు జిల్లాలోని వెంకటగిరి చీరనే తీసికొందము. మగ్గముముందు కూర్చుండినవాడు పురుషుడే కావచ్చును. కాని నూలు తోడి, కండెలు చుట్టి, ఇంటిపనితోపాటు ఆ చీర సగము పని తీర్చినది స్త్రీ. తెలంగాణములో చింతకింది మల్లేశము తన తల్లి లక్ష్మి రోజంతయు ఆసు పోసి భుజము నొప్పితో బాధపడుట చూడలేక, ఆ పనికొక యంత్రము నిర్మించి దానికి 'లక్ష్మీ ఆసు' అని పేరు పెట్టెను. 2017లో పద్మశ్రీ ఆయనకు వచ్చినది; యంత్రము పేరులో తల్లి నిలిచినది. పోచంపల్లి చీరల సూచిలో మాత్రము ఆసు పోసినవారికి ఇంకను చోటు కల్పింపవలసియున్నది.

తెలుగు బోధించువానిని గావున ఒక వ్యాకరణపు మాట చెప్పుట మానలేను. మన వైయాకరణులు మహత్తు, అమహత్తు అని విభజించిరి. ఏకవచనములో 'ఆమె వచ్చినది', 'ఆవు వచ్చినది' అని స్త్రీకిని పశువునకును ఒకే క్రియ. బహువచనములో మాత్రము 'వారు వచ్చిరి' అని స్త్రీపురుషు లిరువురును కలియుదురు. కనుక సూచిలో 'నేతగాడు' అనుటకంటె 'నేతవారు', 'గ్రంథపాలకుడు' అనుటకంటె 'గ్రంథపాలకులు' అని వ్రాసిన భాషకు కొంచెమును కష్టము కలుగదు. ఇంగ్లీషువారు ఇప్పుడు తంటాలుపడి సాధించుచున్నది మన బహువచనములో ఏనాడో సిద్ధముగా నున్నది.

ఇట్టి మార్పులపై నొక ఆక్షేపణ గలదు. అది తేలికగా త్రోసివేయదగినది కాదు. పాతమాటలను తుడిచివేసిన, పాతకాలపు అన్యాయమునకు సాక్ష్యము పోవునని చరిత్రకారు లందురు. నిజమే. నేరస్థ జాతుల చట్టమునుగూర్చి పరిశోధించువారికి ఆ మాట కావలెను. కాని ఆ చట్టమును గూర్చిన పుస్తకమునకు ఆ శీర్షిక పెట్టుట వేఱు, ఎరుకలవారి బుట్టలనుగూర్చిన పుస్తకమునకు పెట్టుట వేఱు. మొదటిది చరిత్ర, రెండవది నింద. తుడిచివేయుమని నే ననను. పాతమాటను 'చూడుము' చీటీమీదికి దింపి, ఎన్నడు దింపినదియు దానిపైననే వ్రాయవలెనని నా అభిప్రాయము. కంప్యూటరు సూచులు వచ్చిన ఈ కాలమున ఇది మఱింత సులువు. అమెరికాలోని గెట్టీ సంస్థవారి కళాపదకోశము ప్రతి భావమునకును ఒక సంఖ్య నిచ్చి, దానిక్రింద పలుభాషల పేర్లను చేర్చును. ఏ పేరుతో వెదకినను సంఖ్య ఒక్కటే. వస్తువునకు పీట వేయుటకై మాటలు తన్నులాడుకొననక్కఱలేదు.

ఐతే ఆ సంఖ్యక్రింద చేర్చుటకు తెలుగుమాటలు ఎవరో ఒకరు కూర్చి ఇయ్యవలెను గదా! ఇంగ్లీషు పట్టిక 'బాస్కెట్' అని ఒక్కమాటతో తేల్చివేయును. డ్యూయీ దానికి 746.41 అని అంకె వేయును. మన తీరపు ఊళ్ళలో అడిగి చూడుడు. బుట్ట, గంప, తట్ట, చేట, జల్లెడ, చేపలపై బోర్లించి పట్టు ఊత, నీటి మడవలో నమర్చు మావు. ప్రతిదానికిని అల్లిక వేఱు, అంచు వేఱు, పని వేఱు. ఊత అడుగున వెడల్పు, పైన చేయి దూరునంత కంత ఎందులకో, అల్లువారు చెప్పినంత చక్కగా ఏ అలంకారకళల గ్రంథమును చెప్పదు. ఇవి నిఘంటువులకు ఎక్కినవి కొన్ని, ఎక్కనివి పెక్కు. ప్లాస్టిక్ బుట్ట వచ్చిన పిమ్మట వస్తువుతోపాటు మాటయు పోవుచున్నది.

ఈ పని పాఠశాలలు చేయగలవు. ముత్తుకూరు, మైపాడు, ఇస్కపల్లి ప్రాంతముల బడులలోని పిల్లల ఇండ్లలోనే ఈ మాటలు పలుకువా రున్నారు. వస్తువు బొమ్మ ఒకటి గీయించి, ప్రక్కన దాని పేరు, దాని భాగముల పేర్లు, దేనితో చేయుదురు, ఎవరు చేయుదురు, చేసినవారు తమ్ము తాము ఏమని పిలుచుకొందురు అని వ్రాయించిన చాలును. ఈ కడపటి ప్రశ్నను విడువరాదు. ఊరివారు పిలుచుపేరును, వారు తమకు పెట్టుకొన్న పేరును ఒకటి కాకపోవచ్చును. చేసినవారు ఒప్పుకొన్నచో వారి పేరునుకూడ వ్రాయవలెను. 'అజ్ఞాత కళాకారుడు' అను మాట మ్యూజియములలో ఎన్ని వస్తువులక్రింద నున్నదో చూచినవారికి దీని అవసరము వేఱుగా చెప్పనక్కఱలేదు. జొన్నలగడ్డ గురప్ప శెట్టిగారి పేరు లోకము ఎఱుగును. 2008లో ఆయనకు పద్మశ్రీ వచ్చినది. ఆయన తండ్రి తాతల కాలపు వస్త్రములు ఎన్నియో పేరులేకయే పెట్టెలలో నున్నవి.

వ్రాయించునపుడు వర్ణక్రమముతో చిక్కు వచ్చును. యానాది, ఏనాది అని రెండు రూపములు కలవు. ఎఱుకల, ఎరుకల, యెరుకల అని మూడు. ఇంగ్లీషు లిపిలో వై అక్షరముతో మొదలైనది ఒకచోట, ఇ అక్షరముతో మొదలైనది ఒకచోట. తమిళదేశపు పుస్తకములలో ఇంచుమించు ఆ జనమే కొరవరు. బండి 'ఱ' వాడుకలో నశించినదిగదా యని నేటి అకారాది పట్టికలలో దానిని పాటింపరు. పాత సూచిలలో 'ఎఱుకల' ఎక్కడనో దూరముగా పడియుండును. వీనిలో ఏదో యొకటి సరియైనదని వాదము పెట్టుకొనుటకంటె, ఇన్నిటికిని తలకొక 'చూడుము' చీటీ వ్రాసి, ఆ జనము తమకు పెట్టుకొన్న రూపమువద్దకు అన్నిటిని పంపుట మేలు. చీటీకి పట్టునది అరఠావు కాగితము. మన జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో ఈ వేసవిలోగా ఇట్టివి నూరు తయారైనచో, వానిని ఒకసారి చూచుటకు ఈ రచయిత సంతోషముతో రాగలడు.